రాజకీయ క్విజ్‌లో వచ్చిన చుక్క మన భావజాలమేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు విషయం ఇది. మీరు కావలి దగ్గర ఉంటారు, వయసు 22, రాబోయే ఎన్నికల్లో తొలిసారి ఓటు వేయబోతున్నారు. ఇంట్లో నాన్నగారిది ఒక పార్టీ, మేనమామగారిది మరొకటి. మీ అభిప్రాయాలు ఎటువైపు ఉన్నాయో స్వయంగా తెలుసుకుందామని ఇంటర్నెట్టులో మూడు రాజకీయ క్విజ్‌లు చేస్తే, 62 ప్రశ్నలది మిమ్మల్ని వామపక్షమని, 10 ప్రశ్నలది స్వేచ్ఛావాది (ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలనేవారు) అని, మూడోది మధ్యేవాది అని చెప్పింది. వీటిలో దేన్ని నమ్మాలి, ఫలితాన్ని ఇంట్లో చెప్పవచ్చా అని అడిగారు.

ముందుగా సమాధానం చెబుతాను. క్విజ్ తప్పకుండా చేయండి, కానీ చివర్లో ఫలితంగా పటం మీద కనబడే చుక్కను మీ భావజాలంగా తీసుకోకండి. ఏ ప్రశ్న దగ్గర మీ వేలు ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే మీ గురించి ఎక్కువ చెబుతుంది. మూడు క్విజ్‌లు మూడు మాటలు చెప్పినంత మాత్రాన మీకు స్థిరమైన అభిప్రాయాలు లేవని అనుకోవలసిన పని లేదు.

నేను కందుకూరులోనూ, తర్వాత ఒంగోలులోనూ డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. సుమారు పదిహేనేళ్ల పాటు చివరి సంవత్సరం విద్యార్థుల చేత ఇటువంటి క్విజ్‌లు చేయించాను. మొదట్లో ఇంగ్లీషులోనే ఇచ్చాను. సగం మందికి ప్రశ్నలే అర్థం కావడం లేదని గ్రహించాక, వాటిని నేనే తెలుగులో రాసి, జిరాక్సు తీయించి పంచేవాణ్ణి. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ కాగితాలను ముందు పెట్టుకుని పిల్లలతో మాట్లాడుతూ నేర్చుకున్నదే.

మీ మూడు ఫలితాలు ఎందుకు వేరుగా వచ్చాయో చూద్దాం. కుడి, ఎడమ అనే మాటలు 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో సభ్యులు కూర్చున్న తీరును బట్టి పుట్టాయి. రాజు అధికారాలను సమర్థించినవారు అధ్యక్షుడికి కుడివైపున, వ్యతిరేకించినవారు ఎడమవైపున కూర్చున్నారు. ఆ ఒక్క గీత మీద మనిషి ఆలోచనలన్నీ సర్దడం సాధ్యం కాదని గుర్తించి, తర్వాతివారు రెండు గీతలు గీశారు. 2001లో మొదలైన ‘పొలిటికల్ కంపాస్’ ఇలాంటిదే. మీరు చేసిన 62 ప్రశ్నల క్విజ్ అదే అయి ఉంటుంది. అందులో ఆర్థిక విషయాలకు అడ్డగీత (ఎడమకు ప్రభుత్వ నియంత్రణ, కుడికి స్వేచ్ఛా వ్యాపారం), అధికారానికీ వ్యక్తిస్వేచ్ఛకూ సంబంధించినవాటికి నిలువుగీత. ప్రతి వాక్యానికీ గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఒప్పుకోను, అసలే ఒప్పుకోను అనే నాలుగు జవాబులే ఉంటాయి. ‘నాకు తెలియదు’, ‘ఇంకా ఆలోచించలేదు’ అనడానికి గడి లేదు. కాబట్టి తెలియని విషయంలోనూ మీరు ఏదో ఒకటి నొక్కి తీరాలి, అది కూడా లెక్కలోకి వెళ్లిపోతుంది.

ఆ క్విజ్‌లో మొట్టమొదటి వాక్యం సుమారుగా ఇలా ఉంటుంది: ఆర్థిక ప్రపంచీకరణ తప్పనిసరి అయినప్పుడు, అది బహుళజాతి కంపెనీల ప్రయోజనం కంటే మానవాళి ప్రయోజనాన్నే ముందు చూడాలి. దీన్ని కాదని ఎవరంటారు? స్వేచ్ఛా వ్యాపారాన్ని మనస్ఫూర్తిగా నమ్మే వ్యక్తి కూడా, ఆ వ్యాపారం వల్ల మానవాళికి మేలు జరుగుతుందనే నమ్ముతాడు కదా. అయినా ఒప్పుకున్నవారి చుక్క ఎడమకు జరుగుతుంది. మీకు వామపక్షమని రావడంలో ఇలాంటి వాక్యాల పాత్ర కొంత ఉండి ఉంటుంది.

10 ప్రశ్నల క్విజ్ సంగతి వేరు. అమెరికాలో స్వేచ్ఛావాద పార్టీ స్థాపకుల్లో ఒకరైన డేవిడ్ నోలన్ గీసిన పటం ఆధారంగా, అదే భావజాలాన్ని ప్రచారం చేసే సంస్థ దాన్ని తయారు చేసింది. వ్యక్తిగత విషయాల మీద అయిదు, ఆర్థిక విషయాల మీద అయిదు వాక్యాలు. ప్రతిదీ ‘ప్రభుత్వం ఇందులో జోక్యం చేసుకోకూడదు’ అనే వైపు నుంచే రాసి ఉంటుంది. మంచి మనసుతో అన్నింటికీ తల ఊపుతూ పోతే స్వేచ్ఛావాది అనే తేలుతుంది. నేనొకసారి పరీక్షించి చూశాను. ‘పంట ధరను ప్రభుత్వమే నిర్ణయించాలి’ అన్న వాక్యాన్ని మొదటి పేజీలోనూ, ‘పంట ధరను కొనుగోలుదారుల పోటీకే వదిలేయాలి’ అన్న వాక్యాన్ని నాలుగో పేజీలోనూ పెట్టాను. పదిమందికి పైగా విద్యార్థులు రెండింటికీ ఒప్పుకుంటాను అని టిక్కు పెట్టారు. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కాదు. ఎదుటివాడు ఒక మాట నిశ్చయంగా చెబితే సరేనని ఒప్పుకోవడం మనుషుల సహజగుణం, సర్వేలు చేసేవారందరూ జాగ్రత్తపడే విషయం ఇది. ఎవరు తయారు చేశారు, వాక్యాలన్నీ ఒకే వైపు మొగ్గి ఉన్నాయా అన్నది చూడకుండా ఏ క్విజ్‌నూ మొదలుపెట్టవద్దు.

మధ్యేవాది అని వచ్చిన మూడో ఫలితం బహుశా సగటు వల్ల వచ్చింది. ఆసుపత్రులన్నీ ప్రభుత్వమే నడపాలి, పంటల వ్యాపారంలో మాత్రం ప్రభుత్వం వేలు పెట్టకూడదు అని ఒకరు గట్టిగా నమ్ముతారనుకుందాం. ఇంకొకరు సరిగ్గా దీనికి తలకిందులుగా నమ్ముతారు. ఇద్దరి మార్కులూ కూడితే ఇద్దరూ నడిమధ్యకే వస్తారు, ఏ అభిప్రాయమూ లేని మూడోవాడు కూడా అక్కడికే వస్తాడు. ఈ ముగ్గురినీ ఒకచోట నిలబెట్టే లెక్కకు మీ ఓటును అప్పగించకూడదు.

ఇంతవరకు చెప్పినవి ఏ దేశంలోనైనా ఉండే ఇబ్బందులే. మన ప్రాంతంవారు ఈ క్విజ్‌లు చేసినప్పుడు వచ్చే చిక్కు ఇంకా లోతైనది, దాన్ని రెండు ఉదాహరణలతో చెబుతాను.

మొదటిది సారా. ఇలాంటి క్విజ్‌లలో మనిషి ఏం తాగాలి, ఏం వాడాలి అన్నది ప్రభుత్వం నిషేధించవచ్చా అన్న ధోరణిలో ప్రశ్న తప్పకుండా ఉంటుంది. నిషేధించవచ్చు అంటే మీ చుక్క నిలువుగీత మీద పైకి, అంటే అధికారవాదం వైపు వెళుతుంది. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ ప్రశ్న దగ్గర పెన్సిలుతో పెట్టిన గుర్తును రెండుసార్లు చెరిపి, మళ్లీ పెట్టి, కాగితం అక్కడ నలిగి పలచబడిపోయాక నా దగ్గరకు తీసుకువచ్చింది. “సార్, మా నాయనమ్మ వాళ్లు సారా దుకాణం మూయించినవాళ్లు. ఇందులో నేను మద్యం వద్దంటే నిరంకుశం అని వస్తుందట. మా నాయనమ్మ నిరంకుశురాలా సార్?” అని అడిగింది.

ఆ అమ్మాయి అడిగినదానిలో ఎంత న్యాయం ఉందో మన జిల్లావాళ్లకు వివరించనక్కర లేదు. కలిగిరి మండలంలోని దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి చేరిన ఆడవాళ్లు తమ ఇళ్లు ఎందుకు ఇలా ఉన్నాయని మాట్లాడుకోవడం దగ్గర మొదలై, 1992 నాటికి ఆ మాట జిల్లా అంతటికీ, తర్వాత రాష్ట్రమంతటికీ పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వకుండా స్త్రీలు అడ్డుకున్నారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. భర్త కూలి డబ్బు దుకాణంలో పోసి ఇంటికి వచ్చి కొడుతుంటే, ఆ దుకాణాన్ని మూయమన్న స్త్రీకి అది స్వేచ్ఛ కోసం చేసిన పోరాటం. మద్యాన్ని నిషేధించే దిశగా ప్రభుత్వం కృషి చేయాలని మన రాజ్యాంగం 47వ అధికరణం కూడా చెబుతోంది. ఆ క్విజ్ రాసినవారి మనసులో ఉన్నది మాత్రం తన గదిలో తాను తాగే ఒంటరి వ్యక్తి. తాగిన మనిషి ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందన్నది ఆ ప్రశ్నలో లేదు. నేను ఆ అమ్మాయితో, నీ జవాబు మార్చకు, పక్కన కారణం రాయి అన్నాను. ఆ సంవత్సరం నుంచి ప్రతి ప్రశ్న పక్కనా రెండు గీతల ఖాళీ వదిలి జిరాక్సు తీయించాను.

రెండోది పొగాకు. టంగుటూరు, కొండపి, కందుకూరు వైపు పొగాకు వేసే ఇళ్ల నుంచి నాకు చాలామంది విద్యార్థులు వచ్చేవారు. వర్జీనియా పొగాకులో ఏటా ఎంత పంట పండించాలో పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, రైతుకూ బ్యారన్‌కూ (ఆకును మంట వేడితో ఆరబెట్టే గది) రిజిస్ట్రేషన్ ఉండాలి, పొగాకు బేళ్లు బోర్డు వేలం కేంద్రానికే వెళ్లాలి. 1975 నాటి చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది. పుస్తకం ప్రకారం చూస్తే ఇంతకంటే గట్టి ప్రభుత్వ నియంత్రణ ఉండదు, అంటే ఇది ఎడమవైపు. అయితే బోర్డు కావాలనే అదే రైతును ‘ప్రభుత్వం నీ పొలాన్ని ఒక ప్రాజెక్టు కోసం తీసుకోవచ్చా’ అని అడగండి, నా భూమి మీద నిర్ణయం నాదే అంటాడు. ఆ జవాబు అతణ్ణి కుడివైపుకు నెడుతుంది. ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే భూమి కోల్పోయే కుటుంబాల్లో 80 శాతం మంది అంగీకారం ఉండాలని 2013 చట్టం పెట్టిన నిబంధనను అతను మెచ్చుకుంటాడు. ఎరువుల సబ్సిడీ కావాలంటాడు, మళ్లీ ఎడమకు వస్తాడు. ఈ మనిషికి నిలకడ లేదని క్విజ్ అనుకుంటుంది. అతని దృష్టిలో ఇవన్నీ ఒకటే మాట: కొనేవాడి ముందు, భూమి అడిగేవాడి ముందు తాను ఒంటరిగా నిలబడాల్సిన పరిస్థితి రాకూడదు. బర్లీ అనే మరో రకం పొగాకు వర్జీనియాలా బోర్డు వేలంలోకి రాదు, కంపెనీలు నేరుగా కొంటాయి. 2025లో బర్లీ ధర పడిపోయినప్పుడు రైతులు ప్రభుత్వం వైపే చూశారు, ప్రభుత్వం మార్క్‌ఫెడ్ అనే రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య చేత కొనిపించింది. దీన్ని ఏ అడ్డగీత మీద ఎక్కడ పెట్టాలో విదేశంలో తయారైన క్విజ్‌కు తెలియదు.

కుడి ఎడమలు మనకు పూర్తిగా పరాయివి అని కూడా నేను అనను. 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య కమ్యూనిస్టు ఉద్యమానికి నాయకుడయ్యారు. రైతు నాయకుడైన ఎన్.జి. రంగా 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడై, సహకార వ్యవసాయాన్నీ ప్రభుత్వ పెత్తనాన్నీ ఎదిరించారు. ఆ ఇద్దరి మధ్య నిజమైన భావజాల భేదం ఉంది, అది తెలుగు నేల మీదే నడిచింది. అయితే మన రాజకీయాల్లో అంతకంటే బలంగా పనిచేసే గీతలు ఇంకొన్ని ఉన్నాయి. ప్రదీప్ చిబ్బర్, రాహుల్ వర్మ అనే రాజనీతి పండితులు 2018లో ప్రచురించిన పరిశోధనలో, భారతదేశంలో భావజాల విభజన ప్రధానంగా రెండు ప్రశ్నల మీద జరుగుతుందని వాదించారు. సమాజపు ఆచారాల్లోకి, ఆస్తి పంపకంలోకి రాజ్యం ఎంతవరకు దిగవచ్చు అన్నది ఒకటి. వెనుకబడిన కులాలకు, మైనారిటీలకు రాజ్యం ప్రత్యేకంగా గుర్తింపు, రక్షణ ఇవ్వాలా అన్నది రెండోది. ఇది చదివిన తర్వాత నా పాత కాగితాలు తీసి చూస్తే, నా విద్యార్థులు బెంచీల మీద నుంచి లేచి మరీ వాదించుకున్నది రిజర్వేషన్ల మీదే. మీరు చేసిన రెండు ప్రసిద్ధ క్విజ్‌లలోనూ కులం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. మీకు అత్యంత ముఖ్యమైన విషయం గురించి అడగని క్విజ్, మీరు ఎక్కడ ఉన్నారో ఎలా చెప్పగలదు?

భాష వల్ల వచ్చే తేడా గురించి క్లుప్తంగా చెబుతాను. అధికారాన్ని ప్రశ్నించాలి అని నేను తెలుగులో రాసిన వాక్యానికి ఒకరు కలెక్టరును తలచుకుని ఒప్పుకున్నారు, మరొకరు తండ్రిని తలచుకుని ఒప్పుకోలేదు. ఇంగ్లీషు వాక్యం అర్థం కాకపోతే ఊహించి నొక్కవద్దు, ఆ ప్రశ్నను మీ లెక్కలోంచి తీసేయండి.

మనం ఉన్న స్థితి కూడా జవాబును మారుస్తుంది. నా భార్య అనారోగ్యంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది, ప్రతి ఉదయం అడ్వాన్సు కట్టమని చీటీ చేతికి ఇచ్చేవారు. ఇంటికి వచ్చిన వారంలోనే నేను అదే క్విజ్ మళ్లీ చేస్తే, నా చుక్క అంతకు ముందు సంవత్సరం కంటే బాగా ఎడమకు జరిగింది. ఆరు నెలల తర్వాత కొంత వెనక్కి వచ్చింది. వైద్యం విషయంలో మారిన జవాబులు మాత్రం వెనక్కి రాలేదు. ఆ అనుభవం నాకు నిజంగా నేర్పింది ఏమిటో ఆ రెండు మూడు జవాబుల వల్ల తెలిసింది. మొత్తం చుక్కను చూసి ఉంటే అది నాకు తెలిసేది కాదు.

ఇక మీరు చేయవలసిన పని. ఒక క్విజ్‌ను ఎంచుకుని, ఫలితం చూడకుండా, జవాబులను నోటుపుస్తకంలో రాయండి. రెండు వారాల తర్వాత పాత పేజీ తెరవకుండా మళ్లీ రాయండి. రెండుసార్లూ మారకుండా నిలిచినవి మీ అభిప్రాయాలు, మారినవి మీరు ఇంకా చదవవలసిన, నలుగురినీ అడగవలసిన విషయాలు. నిలిచిన ప్రతిదానికీ ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే, అది మీ అభిప్రాయం కాదు, ఎవరి నోటి నుంచో మీకు వచ్చిన మాట. ఇది కొంచెం కఠినంగా అనిపించవచ్చు, కానీ నా అనుభవంలో ఇంతకంటే నమ్మదగిన పరీక్ష కనబడలేదు.

ఆ తర్వాత మీ సొంత ప్రశ్నలు పది తయారు చేసుకోండి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ముందు ఎవరికి దక్కాలి, తీరంలో రొయ్యల చెరువులకు ఎక్కడ హద్దు గీయాలి, ఓడరేవులకూ పరిశ్రమలకూ భూమి ఏ షరతుల మీద ఇవ్వాలి, రిజర్వేషన్లు ఎలా ఉండాలి, ప్రభుత్వ బడిలో ఏ మాధ్యమం ఉండాలి, మద్యం దుకాణాలు ఎవరి చేతిలో ఉండాలి, పంచాయతీకి తన డబ్బు తాను ఖర్చు చేసుకునే అధికారం ఎంత ఉండాలి. ఇవి నేను ఇచ్చేవి, మిగతావి మీ ఊరిని చూసి మీరే రాయాలి. ఒక్కొక్కదానికీ అది మీకు ఎంత ముఖ్యమో అయిదు మార్కులకు వేసుకోండి. అయిదు మార్కులు వచ్చిన రెండు మూడు విషయాలే మీ ఓటును నడిపించాలి.

పార్టీలను పోల్చేటప్పుడు వాటి మీద రాసి ఉన్న పేరును చూడకండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కావాలనుకునే ప్రతి పార్టీ సామ్యవాదానికీ, లౌకికవాదానికీ, ప్రజాస్వామ్యానికీ కట్టుబడి ఉంటామని తన నియమావళిలో రాసుకోవాలి. కాగితం మీద అందరూ సామ్యవాదులే. జర్మనీలో 2002 నుంచి ఒక ప్రభుత్వ పౌరవిద్యా సంస్థ ‘వాల్-ఓ-మాట్’ అనే క్విజ్ నడుపుతోంది. అందులో 38 వాక్యాలకు పార్టీలే స్వయంగా జవాబులిస్తాయి, ఓటరు తన జవాబులను వాటితో పోల్చుకుంటాడు, ముఖ్యమనుకున్న వాక్యానికి రెట్టింపు విలువ ఇచ్చుకోవచ్చు. నేను గౌరవించే పద్ధతి ఇది. మీరు ఇదే పనిని చేత్తో చేయవచ్చు: పది ప్రశ్నలు నిలువుగా, పార్టీలు అడ్డంగా రాసి, మ్యానిఫెస్టోలో ఏముందో ఒక గడిలో, అధికారంలో ఉన్నప్పుడు ఏం చేశారో పక్క గడిలో రాయండి. రెండో గడికే ఎక్కువ విలువ ఇవ్వండి. అభ్యర్థి మంచివాడు కదా అన్న మాట కూడా మీకు వినబడుతుంది. అది విలువైనదే. అయితే 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత సభలో విప్ (ఇలా ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం) జారీ అయితే ఆయన పార్టీ చెప్పినట్టే ఓటు వేయవలసి ఉంటుందని, లేకపోతే సభ్యత్వం పోవచ్చని గుర్తుంచుకోండి. కాబట్టి అభ్యర్థితో పాటు పార్టీ జవాబులనూ చూడక తప్పదు.

మీరు అడగని ఒక విషయాన్ని కూడా చెప్పాలి. ఫోను నంబరు, కులం, నియోజకవర్గం అడిగే రాజకీయ క్విజ్‌ను, ముఖ్యంగా ఎన్నికల ముందు వాట్సాప్‌లో వచ్చేదాన్ని, తెరవకండి. ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష పేరుతో నడిచిన ఒక యాప్ సేకరించిన సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థకు చేరిందని 2018లో బయటపడింది. భారతదేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నవారు 335 మందేనని, వారి స్నేహితుల జాబితాల ద్వారా ప్రభావితమై ఉండే భారతీయులు 5.62 లక్షల మంది వరకు ఉంటారని అప్పట్లో ఫేస్‌బుక్ చెప్పింది. మన ఓటు రహస్యంగా ఉండేందుకు చట్టం ఇంత ఏర్పాటు చేస్తే, ఆ ఓటుకు వెనుక ఉన్న మనసును పేరూ నంబరుతో సహా అప్పగించడం నాకు బాధ కలిగించే విషయం.

చివరగా, ఇంట్లో చెప్పవచ్చా అన్నారు. ఫలితం చెప్పకండి, ప్రశ్నలు చదివి వినిపించండి. కొండపి వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థికి నేను ఇదే చెప్పాను. వాళ్ల నాన్నకూ అతనికీ పార్టీల మీద మాట వస్తే భోజనం దగ్గర నుంచి ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయేవారట. అతను పార్టీల పేర్లు లేని నా తెలుగు కాగితాన్ని తీసుకువెళ్లి, బ్యారన్ దగ్గర రాత్రి మంట చూసుకుంటూ కూర్చున్న తండ్రికి ఒక్కొక్క వాక్యమూ చదివి, ఆయన చెప్పినదాన్ని తన జవాబు పక్కనే రాసుకున్నాడు. మరునాడు ఆ కాగితం నాకు చూపించాడు, అంచుల్లో మసి అంటుకుని ఉంది. నలభై వాక్యాల్లో ఇద్దరికీ ముప్పైకి పైగా కలిశాయి. తేడా వచ్చినవాటిలో ఆడపిల్లకు ఆస్తిలో వాటా గురించిన వాక్యం ఒకటి. దాని పక్కన ఖాళీలో తండ్రి చెప్పిన కారణాన్ని అతను నాలుగు వరుసలు రాశాడు, కింద తన కారణాన్ని మరో నాలుగు వరుసలు రాశాడు, అక్కడ చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి ఇంకా రాశాడు.